పురుగని రాయలేని చెయ్యి

"రెండూ ఒకే చేతిరాత. రెండూ ఒకే పెద్దమనిషి పేరు మీద వచ్చాయి. ఒకటి ఈ అమ్మాయికి పెళ్ళి చెయ్యమంటుంది, ఇంకొకటి చెయ్యొద్దంటుంది. నన్నేం చెయ్యమంటారు?"

మతగురువైన పెద్ద రబ్బీ ఆ మాట అని కళ్ళు మూసుకున్నారు. శాలోనికా యూదుల న్యాయసభలో ఆ బుధవారం పొద్దున బల్ల మీద రెండు ఉత్తరాలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని పలోంబా నిలబడి ఉంది. ఎల్లుండి శుక్రవారం ఆమె పెళ్ళి.

మూడేళ్ళ కిందట ఆమె భర్త పిన్హాస్ అలెగ్జాండ్రియా వెళ్ళే ఓడ ఎక్కాడు. రోడ్స్ ద్వీపం దాటాక ఆ ఓడ మునిగింది. ఒడ్డు కనపడని నీళ్ళలో మునిగినవాడు చచ్చాడని ధర్మశాస్త్రం అంత తేలిగ్గా ఒప్పుకోదు. శవాన్ని గుర్తుపట్టినట్టు రుజువు కావాలి. అప్పటిదాకా భార్య భార్యే, మొగుడు కంటికి కనపడకపోయినా సరే. ఇంకొకడిని కట్టుకోవడానికి వీల్లేదు.

కిందటేడు చలికాలం ముందు రోడ్స్ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. రాసినవారు అక్కడి రబ్బీ యెదిద్యా. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక శవాన్ని గ్రీకు జాలర్లు పాతిపెట్టారనీ, మొహం చేపలు తినేసినా వేలికి పిన్హాస్ ముద్రవుంగరం ఉందనీ, ముద్రవుంగరాన్ని ఎవడూ అరువివ్వడు, పారేసుకోడు కాబట్టి చచ్చింది పిన్హాసేననీ, ఆమె పెళ్ళి చేసుకోవచ్చనీ అందులో ఉంది. మగ్గాలు నడిపే అమారీల్యో, భార్య పోయినవాడు, మంచివాడు, పలోంబాని అడిగాడు. ఆమె సరేనంది. అంతా కుదిరాక మొన్న సోమవారం రెండో ఉత్తరం ఊడిపడింది. తొందరపడ్డాను, వేలికున్న ఉంగరాన్ని బలవంతంగా లాక్కుని ఉండొచ్చు కదా, ఆమెకి పెళ్ళి చెయ్యకండి అని.

"ఇది దొంగ ఉత్తరమండీ," అన్నాడు యోంతోవ్.

యోంతోవ్ న్యాయసభ లేఖకుడు. వచ్చే ప్రతి ఉత్తరానికీ, పోయే ప్రతి ఉత్తరానికీ ముప్ఫై ఏళ్ళుగా నకళ్ళు రాస్తున్నాడు. సోమవారం పన్ను పీకించుకుని రెండు రోజులు మంచం దిగలేదు. ఇవాళే వచ్చాడు, దవడ కింద నుంచి నెత్తి మీదకి గుడ్డ కట్టుకుని. ఆ అవతారంలో ఆయన ఏ మాటన్నా నవ్వొచ్చేలాగే ఉంది.

"పంటినొప్పి మెదడుకెక్కిందయ్యా నీకు," అన్నారు రబ్బీ మెవోరాహ్.

మెవోరాహ్ సభలో రెండో న్యాయమూర్తి. ఊళ్ళో ఆయనంత అందంగా రాసేవాడు లేడు. ఆ సంగతి ఆయనకి అందరికంటే బాగా తెలుసు. ఇంట్లోనూ బజారులోనూ ఎవరెలా మాట్లాడుకున్నా, హీబ్రూలో కాగితం మీదకి వచ్చేసరికి రబ్బీలందరిదీ ఒకటే పద్ధతి. పవిత్ర గ్రంథంలోంచి వాక్యాలు ముక్కలు ముక్కలుగా కత్తిరించి, బొంత కుట్టినట్టు కుట్టి ఉత్తరం తయారుచేస్తారు. మొదట అందుకునేవాడి మీద పొగడ్తలు, తర్వాత తన మీద తగ్గింపులు, ఆ తర్వాత ఎక్కడో విషయం. మెవోరాహ్ ఉత్తరం అందుకున్నవాళ్ళు మొదటిసారే ముగ్ధులైపోతారు గానీ, సంగతేమిటో మూడోసారి చదివితే గానీ అంతుపట్టదు.

"విను," అని ఆయన రెండో ఉత్తరం చేతిలోకి తీసుకుని మొదటి నాలుగు పంక్తులు రాగయుక్తంగా చదివారు. పర్వతాలు, దేవదారులు, దీపస్తంభాలు వరసగా వచ్చి పెద్ద రబ్బీ కాళ్ళ మీద పడ్డాయి. "ఎక్కడైనా అతుకు కనిపించిందా? ఆ రోడ్స్ ఆయన తప్ప ఇలా కుట్టగలిగినవాడిని ఈ ఊళ్ళో ఒక్కడిని చూపించు."

"ఒకరున్నారు కదండీ," అన్నాడు యోంతోవ్.

సభలో ఎవరో దగ్గారు. మెవోరాహ్ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టారు, కాస్త గట్టిగానే.

"నన్నంటున్నావా?"

"మీరే కదండీ ఒక్కడిని చూపించమన్నారు."

పెద్ద రబ్బీ చెయ్యి ఎత్తారు. "కొట్టుకోవడం ఆపండి. యోంతోవ్, శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువు. ఇది దొంగదని రుజువు చెయ్యి, పెళ్ళి జరుగుతుంది. చెయ్యలేకపోతే అనుమానం ఉన్నచోట కట్టుబాటే నిలుస్తుంది. ఆమె జీవితాంతం ఇలాగే ఉండిపోవాలి."

జీవితాంతం అన్న మాట వినగానే పలోంబా గోడ మీంచి వీపు తీసి నిటారుగా నిలబడింది.

*

సభ బంట్రోతు దావిచోన్ మెట్ల కింద కూర్చుని రొట్టె, తెల్ల జున్ను తింటున్నాడు. ఊళ్ళోవాళ్ళు ఉత్తరాలు వేసే కొయ్యపెట్టె అతని పక్కనే గోడకి బిగించి ఉంది.

"రోడ్స్ ఓడ ఎప్పుడొచ్చింది?" అడిగాడు యోంతోవ్.

"పోయిన గురువారం. ఉత్తరాలన్నీ ఆ సాయంత్రమే తెచ్చి పడేశారు. ఎప్పుడూ అంతేగా."

"మరి ఇది?"

"సోమవారం పొద్దున దొరికింది. ఆదివారం పొద్దు కుంకేటప్పుడు పెట్టె చూశాను, ఖాళీ. సోమవారం తాళం తీసేసరికి ఇది ఒక్కటీ ఉంది. నన్నడక్కు, నేను రాయలేదు. నాకు సంతకమే సరిగ్గా రాదు."

"నిన్నెవడన్నాడయ్యా. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది నువ్వే కదా, అప్పుడేమన్నారు ఆయన?"

దావిచోన్ రొట్టె నములుతూ ఆలోచించాడు. "విసుక్కున్నారు. నీళ్ళ సిరాతో రాశాడేమిటయ్యా, అక్షరం ఆనట్లేదు అన్నారు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చదువుకున్నారు."

యోంతోవ్ చంకలో ఉన్న ఉత్తరం తీసి అతని మొహం ముందు పెట్టాడు. "ఇప్పుడు చూడు."

"నల్లగా ఉంది," అన్నాడు దావిచోన్. దగ్గరికి వంగి చూసి, "అదేంటి, మొన్న బూడిదరంగులో ఉండేదే," అన్నాడు.

మాచికాయా అన్నభేదీ కలిపిన సిరా రాసినప్పుడు పాలిపోయి ఉంటుంది. గాలి తగిలి రెండు మూడు రోజులకి గానీ నల్లబడదు. రోడ్స్‌లో రాసి, పదిరోజులు సముద్రం మీద వచ్చిన ఉత్తరం సోమవారం నాటికి కాకిలా నల్లగా ఉండాలి. ఇది ఆదివారం నాడు, ఇదే ఊళ్ళో రాసినది. యోంతోవ్‌కి పన్ను పోయిన చోట నొప్పి ఒక్క క్షణం మాయమైంది.

"పెట్టె ఊడదీయ్," అన్నాడు.

దావిచోన్ సణుగుతూ మేకులు లాగాడు. యోంతోవ్ తన చేతిరుమాలు నేల మీద పరిచి, పెట్టెని దాని మీద బోర్లించి అడుగున తట్టాడు. దుమ్ము, ఒక చచ్చిన సాలెపురుగు, లక్క పెచ్చులు, చిటికెడు ఇసుక రాలాయి. సిరా ఆరడానికి అందరూ చల్లే ఇసుకే. కానీ ఊళ్ళో అందరూ సముద్రపొడ్డు నుంచి తెచ్చుకునే ఇసుక మట్టిరంగులో ఉంటుంది. ఇది ఇత్తడి పొడిలా మెరుస్తోంది.

"ఇలాంటిది వాడేవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడు యోంతోవ్, తెలిసే.

దావిచోన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వెనిస్ నుంచి డబ్బా తెప్పించుకుని, వచ్చినవాళ్ళందరికీ తెరిచి చూపించేది ఒక్కరే కదయ్యా. నా నోటితో అనిపించకు. నాకు పిల్లలున్నారు."

*

మేడ మీది గదిలో యోంతోవ్ రెండు ఉత్తరాలూ ముందేసుకుని, పంక్తి వెంట పంక్తి వేలుపెట్టి చదివాడు. చేతిరాతలో తేడా లేదు. పొగడ్తల వరస అదే, సందు దొరికితే ప్రవక్తల మాటలు దూర్చే అలవాటు అదే. ఆయన రబ్బీ యెదిద్యాని ఎప్పుడూ చూడలేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ ఉత్తరాలకి నకళ్ళు రాసి రాసి, వీధిలో ఎదురైతే నడకని బట్టి గుర్తుపట్టగలనని అనుకునేవాడు.

రెండోసారి చదువుతుంటే దొరికింది. ఉన్నది కాదు, లేనిది.

మొదటి ఉత్తరంలో రబ్బీ యెదిద్యా తనని తాను ఏడుచోట్ల తగ్గించుకున్నారు. పురుగునన్నారు, గడప మీది దుమ్మునన్నారు, మందలో కుంటుతూ వెనకబడ్డ గొర్రెనన్నారు. అందరూ రాసేదే అది. సంతకం ముందు అలాంటి మాట రెండైనా లేని ఉత్తరం, తలకి టోపీ లేకుండా ప్రార్థనకి వచ్చిన మనిషి లాంటిది. రెండో ఉత్తరంలో ఒక్కచోట కూడా లేదు. ఎక్కడెక్కడ ఆ మాట రావాలో అక్కడక్కడ వాక్యం పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళుగా పురుగునని రాసుకున్నాయన ఒక్కరోజులో మనిషైపోతాడా? దీన్ని రాసినవాడికి తల వంచడం చేతకాదు. వినయం నటించడం కూడా ఇష్టంలేని గర్విష్ఠి. ఇత్తడి ఇసుక వాడే గర్విష్ఠి. యోంతోవ్ తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ మురిపెం రెండు గంటలే నిలిచింది.

తలుపు దగ్గర పలోంబా నిలబడి ఉంది.

"బాబాయ్, లోపలికి రావచ్చా?"

"రా అమ్మాయ్. నేనే కబురు పెడదామనుకున్నాను. ఒక్కటడుగుతాను. రబ్బీ యెదిద్యా దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా? ఈ చేతిరాత బాగా ఎరిగినవాళ్ళు?"

"ఎవరున్నారు, మా ఆయన ఒక్కడే. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఆయనింట్లోనే ఉండి చదువుకున్నాడు. ఆయన ఉత్తరాలన్నీ ఇతనే శుద్ధప్రతి రాసిపెట్టేవాడట." ఆమె కొంచెం నవ్వింది. "గురువంటే ఎంత పిచ్చో తెలుసా బాబాయ్? ఆ పేరు చెవిన పడితే చాలు, లేచి నిలబడేవాడు. భోజనంలో ఉన్నా, ముద్ద నోట్లో ఉన్నా సరే. నేను ఆటపట్టించడానికి ఊరికే ఆ పేరు అనేదాన్ని. ఒకసారి పులుసు గిన్నె ఒళ్ళో పోసుకున్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

"మంచివాడేనా?"

"మంచివాడే. కానీ ఎప్పుడూ మొహం వేలాడేసుకునే ఉండేవాడు. ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వితే తప్పు చేసినట్టుండేది." నవ్వు ఆగిపోయింది. "మూడేళ్ళు ఏడ్చాను బాబాయ్. అబద్ధం కాదు. ఇప్పుడు అమారీల్యో ఇంట్లో మగ్గాల చప్పుడు వింటుంటే బతకాలనిపిస్తోంది. చచ్చాడంటే నన్ను వదలండి. బతికున్నాడంటే అతన్నే వదలమనండి. రెండూ కాకుండా నన్నిలా గోడకి కొట్టిన మేకులా ఉంచకండి."

"బతికుంటే విడాకుల పత్రం ఇవ్వాలమ్మా. ఆ తర్వాత తొంభై రెండు రోజులు ఆగాలి."

"మూడేళ్ళు ఆగినదాన్ని. తొంభై రెండు రోజులు ఒంటికాలి మీద నిలబడి ఆగుతాను," అంది పలోంబా.

*

మధ్యాహ్నం ప్రార్థనకి ఇంకా రెండు గంటలుందనగా యోంతోవ్ మెవోరాహ్ ఇంటికి వెళ్ళాడు. మెవోరాహ్ తన గదిలో మెత్త మీద కూర్చుని ఉన్నారు. మూలన కిటికీ కింద ఆయన దగ్గర నకళ్ళు రాసే మనిషి వంగి రాసుకుంటున్నాడు. మొహంలో సగం కాలి ముడుచుకుపోయింది, మిగతా సగం గడ్డం. ఒక కన్ను లేదు. అతని పక్కన గోడకి ఆనించి చిన్న మూట కట్టి ఉంది.

"త్వరగా చెప్పవయ్యా," అన్నారు మెవోరాహ్. "ఈ హయీం సాయంత్రం వెనిస్ ఓడ ఎక్కుతున్నాడు. నా ప్రసంగాల పుస్తకం చివరి పుట ఇవాళ పూర్తవ్వాలి."

యోంతోవ్ చేతిరుమాలు విప్పి ఆయన ముందు పెట్టాడు. "ఇది ఎక్కడిదండీ?"

"నాదే. నా డబ్బాలోది. దొంగిలించావా?"

"ఉత్తరాల పెట్టె అడుగున దొరికింది. రెండో ఉత్తరం మడతలోంచి రాలింది. ఆ ఉత్తరం ఆదివారం నాడు ఈ ఊళ్ళో రాశారు, సిరా సాక్ష్యం చెప్పింది. రాసినవాడు రబ్బీ యెదిద్యా శైలి అంతా పట్టాడు గానీ ఒక్కటి పట్టలేకపోయాడు. ఏడుచోట్ల తనని తగ్గించుకోవాల్సి ఉంటే ఒక్కచోటైనా తగ్గించుకోలేదు. ఊళ్ళో అంత గర్వం ఎవరికుందో మీరే చెప్పండి."

రోడ్స్ రబ్బీ పేరు పలికినప్పుడు మూలన ఏదో చప్పుడైంది. యోంతోవ్ పట్టించుకోలేదు. ఆయన చూపంతా మెవోరాహ్ మొహం మీదే ఉంది.

మెవోరాహ్‌కి కోపం వస్తుందనుకున్నాడు. ఆయన కడుపు పట్టుకుని నవ్వారు.

"ఓరి పిచ్చివాడా. నేను గర్విష్ఠినే. మా ఆవిడనడుగు, చెప్తుంది. అందుకే రోజుకి పదిసార్లు పురుగునని రాస్తాను. నాకేం ఖర్చు? పొద్దున చాకలివాడికి పద్దు రాస్తే అందులో కూడా దుమ్మునని సంతకం పెట్టాను. దొంగ ఉత్తరం నేనే రాసుంటే, ఆ రోడ్స్ ఆయన ఏడు పురుగులు పెట్టినచోట నేను పధ్నాలుగు పెట్టేవాణ్ణి. ఆయన్ని పురుగనడానికి నాకేం అడ్డమయ్యా?"

ఆ మాట సూదిలా వెళ్ళి యోంతోవ్ మనసులో ఎక్కడో పాతచోట దిగింది.

తనకి పందొమ్మిదేళ్ళప్పుడు తన గురువు ఒక ఉత్తరానికి శుద్ధప్రతి రాయమన్నాడు. ఈ పురుగు విన్నవించుకునేదేమనగా అని గురువు చెప్తున్నాడు. యోంతోవ్ కలం ఆగిపోయింది. తన కళ్ళకి దేవుడి తర్వాత దేవుడైన మనిషిని తన చేత్తో పురుగని ఎలా రాయడం? అంత ఖాళీ వదిలేసి తర్వాతి మాట రాశాడు. గురువు చూసి పకపకా నవ్వి, తనే కలం తీసుకుని ఆ మాట పూరించాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ నవ్వు యోంతోవ్‌కి మళ్ళీ వినిపించింది.

గర్వం కాదు. భక్తి. తనని తగ్గించుకోలేనివాడు కాదు రాసినవాడు, తన గురువుని తగ్గించలేనివాడు. శిష్యుడు. ఇక్కడ ఆ ఖాళీ పూరించడానికి గురువు పక్కన లేడు.

ఆ వెంటనే రెండో సంగతి తోసుకొచ్చింది. వేలికున్న ఉంగరాన్ని బలవంతంగా లాక్కుని ఉండొచ్చు కదా. మొదటి ఉత్తరంలో రబ్బీ అరువు సంగతి ఆలోచించారు, పారేసుకోవడం సంగతి ఆలోచించారు, లాక్కోవడం ఆయనకి తట్టలేదు. ఆ ఆలోచన ఎవడికి వస్తుంది? ఉంగరం లాగించుకున్నవాడికి వస్తుంది.

ఇందాక మూలన ఏదో చప్పుడైంది. అప్పుడు తను ఏ పేరు పలికాడు?

యోంతోవ్ మెల్లగా అటు తిరిగాడు. నకలు రాసే మనిషి తలవంచుకుని రాస్తూనే ఉన్నాడు. అతని మోకాలి పక్కన నేల మీద కలం చెక్కే కత్తి పడి ఉంది. వంగి తీసుకునే ధైర్యం కూడా అతనికి చాలినట్టు లేదు.

"రబ్బీ గారూ," అన్నాడు యోంతోవ్, "మీ ఇంట్లో ఆయన్నెప్పుడూ రోడ్స్ ఆయన అనే అంటారా?"

"మరేమనాలి? బంధువా నాకు?"

"ఏం లేదండీ. అడిగానంతే. సరే, నాదే పొరపాటు. మొదటి ఉత్తరంలో సంతకం ఒక్కసారి చదివి వెళ్ళిపోతాను." ఆయన చంకలోంచి ఉత్తరం తీసి, బిరుదులేవీ వదలకుండా, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. చివర పేరు దగ్గర గొంతు పెంచాడు. "రబ్బీ యెదిద్యా."

హయీం లేచి నిలబడ్డాడు.

రాతబల్ల కదిలి సిరాబుడ్డి ఒరిగింది. ప్రసంగాల పుస్తకం చివరి పుట మీద పాలిపోయిన బూడిదరంగు సిరా నింపాదిగా పాకింది. కూర్చుందామని అతను చెయ్యి వెనక్కి పెట్టాడు గానీ కూర్చోలేకపోయాడు.

"నా పుట," అన్నారు మెవోరాహ్. తర్వాత అతని మొహం చూసి, "ఏమైందయ్యా, ఎందుకు లేచావ్?" అన్నారు.

"పులుసు గిన్నె ఒళ్ళో పోసుకున్నప్పుడు కూడా ఇలాగే లేచాడటండీ," అన్నాడు యోంతోవ్. "కూర్చో పిన్హాస్."

ఆ పేరు విని అతను కూర్చున్నాడు. నిలబెట్టిన గోనెసంచి జారినట్టు కూర్చున్నాడు. ఉన్న ఒక్క కంట్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఓడ మునగలేదు," అన్నాడు. "సముద్రపు దొంగలు కాల్చారు. ఉంగరం లాక్కున్నవాడు గొడవలో నీళ్ళలో పడ్డాడు. నన్ను అమ్మేశారు. ఓడలో బానిసగా రెండేళ్ళు తెడ్డు వేశాను. తెడ్డు వేసేవాడికి కాగితం ఎవరిస్తారు? వెనిస్‌లో మనవాళ్ళు విడిపించారు. జ్వరంలో పోతాననుకుని, బతకాలని, బతుకు అని అర్థం వచ్చే హయీం పేరు కూడా పెట్టారు."

"ఇంటికెందుకు వెళ్ళలేదు?"

"వెళ్ళాను. చలికాలంలో, హనూకా పండగ రోజుల్లో. అమారీల్యో వాకిట్లో దారం చుడుతూ నవ్వుతోంది. అలా నవ్వగలదని నాకు తెలీదండీ. నా ఇంట్లో ఎప్పుడూ నవ్వలేదు. ఈ మొహం చూపించి ఆ నవ్వు ఆపాలా అనిపించింది. చచ్చినవాడిగానే ఉండిపోయి, ఇక్కడ హయీం పేరుతో నకళ్ళు రాసుకుందామనుకున్నాను."

"మరి ఉత్తరం?"

"నేను బతికుండగా ఆమె ఇంకొకడిని కట్టుకుంటే పాపం ఆమెకి చుట్టుకుంటుంది. పుట్టబోయే పిల్లలకి చుట్టుకుంటుంది. ఊరుకుని చూడలేకపోయాను."

"ఆహా," అన్నాడు యోంతోవ్. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. దవడ గుడ్డ లాగి పారేశాడు. "ఆమెకి పాపం తగలకూడదు, నీ మొహం ఎవరూ చూడకూడదు, నువ్వు మాత్రం త్యాగమూర్తిలా ఓడెక్కి పోవాలి. ఆ తర్వాత ఆమె గతేమిటో ఆలోచించావా? ముసలిదై చచ్చేదాకా గోడకి కొట్టిన మేకులా ఉండాలి. చావు నటించడం తేలికేనయ్యా. బతికుండి చెయ్యాల్సిన పని ఒకటుంది, అది చెయ్యడానికి భయం."



మెవోరాహ్ గొంతు సవరించుకున్నారు. "అంటే రెండో ఉత్తరం దొంగదన్న నీ మాట నిజం. ఆమెకి పెళ్ళి చెయ్యకూడదన్న నా మాటా నిజం."

"అసలు ఉత్తరంలో ఉన్నది పొరపాటు, దొంగ ఉత్తరంలో ఉన్నది నిజం," అన్నాడు యోంతోవ్. "ఎవరు గెలిచారో తర్వాత కొట్టుకుందాం. ఓడకి ఎంత టైముంది?"

"రెండు గంటలు," అన్నాడు పిన్హాస్.

"అది నువ్వెక్కితే ఆమె బతుకు ముగిసినట్టే. నిన్ను కట్టేసి ఉంచే హక్కు నాకు లేదు. కానీ నేను లేఖకుణ్ణి. విడాకుల పత్రం పన్నెండు పంక్తులు. అందులో పర్వతాలుండవు, దేవదారులుండవు. పొగడ్త లేదు, తగ్గింపు లేదు. రోజు, ఊరు, ఊరి పక్కన ఉన్న నీళ్ళు, మీ ఇద్దరి పేర్లు. అంతే. జన్మంతా అందంగా రాసుకునే మనవాళ్ళు ఇది ఒక్కటీ ఉన్నదున్నట్టు రాస్తారు. నువ్వు నోటితో రాయమని చెప్తేనే నేను కలం పట్టాలి. నువ్వు వెళ్ళక్కర్లేదు, మనిషి చేత పంపవచ్చు. నీ మొహం ఆమె చూడక్కర్లేదు."

ఒలికిన సిరా బల్ల అంచు నుంచి బొట్లుగా పడుతోంది. పిన్హాస్ తన మూట వైపు చూశాడు. లేచి వెళ్ళి దాని ముడి విప్పాడు. లోపల ఉన్న ఒక్క మంచి అంగీ తీసి తొడుక్కుని, బొత్తాలు పెట్టుకున్నాడు.

"మనిషెందుకండీ," అన్నాడు. "నా చేత్తోనే ఇస్తాను. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. తిడితే తిట్టనివ్వండి. తర్వాత నవ్వుతుంది కదా."

యోంతోవ్ తల ఊపాడు.

"దావిచోన్‌కి కబురు పెడతాను, ఇంకో సాక్షిని తీసుకొస్తాడు. మొదటి సాక్షిగా నేనున్నాగా," అంటూ మెవోరాహ్ మెత్త మీంచి లేచారు. పాడైపోయిన పుట గురించి ఆయన మరి మాట్లాడలేదు.

"సంతకంలో పురుగులూ దుమ్మూ పెట్టకండి. చెల్లదు," అన్నాడు యోంతోవ్.

"తెలుసులేవయ్యా," అన్నారు మెవోరాహ్. "ఎలా పెడతానో చూడు, ఒట్టి పేరు. నా జన్మలో మొదటిసారి."

యోంతోవ్ బల్ల తుడిచి, శుభ్రమైన కాగితం పరిచి, పన్నెండు గీతలు గీశాడు. కొత్త కలం చెక్కి సిరాలో ముంచాడు. కిటికీలోంచి ఇంకా మంచి వెలుతురు పడుతోంది.

"పేరు చెప్పు. ఉన్న పేర్లన్నీ చెప్పాలి," అన్నాడు.

అతను నిలబడే చెప్పాడు. ఈసారి ఎవరి పేరూ విని నిలబడలేదు.

"పిన్హాస్. హయీం అని కూడా అంటారు. శాలోనికా ఊరివాణ్ణి, పలోంబా భర్తని." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "రాయండి."